పిల్లల గమ్‌కు కూడా ఒక కాగితం కావాలి

మన ఇళ్ళల్లో పిల్లల దుఃఖానికి దొరికే మొదటి జవాబు 'సబర్ కరో బేటా'. రెండో జవాబు 'చుప్ బైఠో'. మౌత్ అయిన ఇంటికి పుర్సా ఇవ్వడానికి వచ్చే బంధువులు పెద్దవాళ్ళతోనే మాట్లాడతారు. ఎనిమిదేళ్ళ పిల్లాడి తల మీద చెయ్యి పెట్టి, వాడి ముందే 'యతీమ్ హోగయా బేచారా' అనేసి, చాయ్ తాగి లేచి వెళ్ళిపోతారు. జియారత్ అవుతుంది, చెహల్లుమ్ అవుతుంది. ఆ తర్వాత ఎప్పుడో, పిల్లాడు బళ్ళో నోరు విప్పడం లేదని, రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడని తెలుస్తుంది. నజర్ తగిలిందంటారు. తావీజ్ కట్టిస్తారు. తావీజ్ కట్టించిన ఆ అమ్మీని నేను వెక్కిరించను. ఆమె చేతికి అందిన ఇలాజ్ అదొక్కటే. ఇంకో దారి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

అలాంటి ఇంకో దారి గురించే ఈసారి రాస్తున్నాను. దాన్ని ఆర్ట్ థెరపీ అంటున్నారు. పేరు వినగానే ఇదేదో జూబిలీహిల్స్ బడేలోగుల షౌక్ అనుకోకండి. అక్కడికన్నా మన నల్గొండ, మహబూబ్‌నగర్ బస్తీలకే దీని జరూరత్ ఎక్కువ ఉందని నేను అంటాను.

ముందు అదేమిటో తేల్చుకుందాం. పిల్లలు నోటితో చెప్పలేనిదాన్ని గీతల్లో, రంగుల్లో, మట్టిముద్దలో బయట పెట్టుకునేలా చూడటం, తర్ఫీదు పొందిన ఒక మనిషి పక్కన కూర్చుని ఆ బయటపడినదాన్ని మోయడానికి వాళ్ళకు తోడవడం. అంతే. ఇందులో బొమ్మ ఎంత ముఖ్యమో పక్కన కూర్చున్న మనిషి అంత ముఖ్యం. ఆ మనిషి లేకపోతే అది డ్రాయింగ్ క్లాసు. డ్రాయింగ్ క్లాసు ఫాయిదా దానికుంది, కాదనను. కానీ రెండూ ఒకటి కాదు. ఈ పేరు పెట్టింది ఆడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు, 1942లో. అంతకు కొన్నేళ్ళ ముందు ఆయన టీబీతో శానిటోరియంలో ఉన్నాడు. మంచం మీదే బొమ్మలు వేసుకుంటూ గడిపాడు, మనసు తేలికపడింది. తర్వాత పక్క మంచాలవాళ్ళకు, యుద్ధంలో గాయపడి వచ్చిన సిపాయీలకు కూడా నేర్పాడు. 1964లో బ్రిటన్‌లో, 1969లో అమెరికాలో ఈ పని చేసేవాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు.

ఇదంతా ఫిరంగీల వ్యవహారం అని పెదవి విరిచేవాళ్ళు మన తారీఖ్ కొంచెం తిరగేయాలి. అబూ జైద్ అల్ బల్ఖీ 934లో ఫౌత్ అయ్యారు. జిస్మ్‌కు, నఫ్స్‌కు విడివిడిగా సేహత్ ఉంటుందని, రెండింటికీ ఇలాజ్ కావాలని ఆయన ఒక పూర్తి కితాబ్ రాశారు. గమ్, ఖౌఫ్, గుస్సా, వస్వసా గురించి అందులో వేరువేరుగా చర్చించారు. సుల్తాన్ రెండో బాయజీద్ 1488లో ఎడిర్నేలో కట్టించిన దారుష్షిఫాలో మనసు చెదిరిన మరీజులకు సంగీతం, నీళ్ళ చప్పుడు, పూల వాసన కూడా దవా కిందే లెక్క. పదిహేడో శతాబ్దపు ముసాఫిర్ ఎవ్లియా చెలెబీ అక్కడికి వెళ్ళి, వారానికి మూడు రోజులు మరీజుల కోసం సాజ్ వాయించేవారని రాసిపెట్టాడు. ఆ ఇమారత్ ఇప్పుడు మ్యూజియం. అప్పట్లో యూరప్‌లో చాలాచోట్ల పిచ్చివాళ్ళను గొలుసులతో కట్టేవాళ్ళు. అంటే, మనసుకు జబ్బు చేస్తే సిగ్గుపడి దాచుకోవాలన్నది మన రివాజ్ కాదు, మధ్యలో వచ్చి చేరింది.

పిల్లల విషయంలో మాత్రం నాకు ముందు గుర్తొచ్చేది ఒక యూదు స్త్రీ. పేరు ఫ్రీడల్ డికర్ బ్రాండైస్. నాజీలు 1942 డిసెంబరులో ఆమెను చెక్ దేశంలోని తెరెజిన్ ఖైదు ఊరికి తరలించారు. కొద్దిపాటి సామానే తీసుకెళ్ళనిచ్చిన ఆ ప్రయాణంలో ఆమె తనవెంట కాగితాలు, రంగులు మోసుకెళ్ళింది. అమ్మానాన్నల నుంచి విడదీసిన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని దాదాపు రెండేళ్ళు బొమ్మలు వేయించింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్‌కు పంపి చంపేశారు. పోయేముందు రెండు సూట్‌కేసుల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి, ఇప్పుడు ప్రాగ్‌లో ఉన్నాయి. వాటిని గీసిన పిల్లల్లో ఎక్కువమంది మిగల్లేదు. అంతకుముందు ఆమె దగ్గర నేర్చుకున్న ఎడిత్ క్రామర్ అమెరికా చేరుకుని, పిల్లల ఆర్ట్ థెరపీకి బునియాద్ వేసినవాళ్ళలో ఒకరయ్యారు. యూదుల మాట ఇక్కడెందుకని అడిగే భాయీలకు నా జవాబు చిన్నదే. గజా పిల్లలు టెంట్లలో గీసిన బొమ్మలు చూసి కళ్ళు తుడుచుకుంటున్నాం కదా, ఆ కళ్ళతోనే ఈ బొమ్మలూ చూడండి.

ఇక మన ఇలాఖాకు వద్దాం. నల్గొండ అంటే దేశానికి ఫ్లోరోసిస్. లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్, మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. నీళ్ళ నుంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చడం. పేరు లోకమంతా తిరిగింది, నీళ్ళు మాత్రం చాలా ఏళ్ళు రాలేదు. ఎముకలు వంగిపోయిన శివన్నగూడెం అంశాల స్వామిని 2003లో ప్రధాని వాజపేయి ముందుకు తీసుకెళ్ళి చూపించారు. ఆయన 2023లో కన్నుమూశారు. కృష్ణా నీళ్ళు, మిషన్ భగీరథ వచ్చాక కొత్తగా పుట్టిన పిల్లలకు ఆ ముసీబత్ చాలావరకు తప్పింది, అల్‌హమ్దులిల్లాహ్.

నన్ను కుదురుగా ఉండనివ్వని సంగతి ఇంకొకటి. మన ఫ్లోరోసిస్ పిల్లల ఫోటోలు ఎన్ని పత్రికల్లో, ఎన్ని టీవీల్లో, ఎన్ని ఎన్నికల ఫ్లెక్సీల్లో వచ్చాయో లెక్కలేదు. నేలకు ఒరిగిన శరీరం, పైన నిలబడ్డ కెమెరా. వాళ్ళను అందరూ తస్వీర్ తీశారు. వాళ్ళ చేతికి ఒక రంగుపెన్సిల్ ఇచ్చి, 'నీ ఊరు ఎలా ఉంటుందో నువ్వు వెయ్యి' అన్నవాళ్ళు ఎందరు? రంగులు వంగిన ఎముకను తిన్నగా చేయలేవు. ఆ దావా ఎవరైనా చేస్తే వాళ్ళు ధోఖేబాజులు. కానీ పదిమంది జాలిచూపుల కింద పెరిగే పిల్లాడికి, తనే చూసేవాడిగా, తనే చెప్పేవాడిగా ఒక గంట దొరకడం చిన్న విషయం కాదు. చెయ్యి సరిగా తిరగని పిల్లలకు లావుపాటి మైనపు రంగులు, బంకమట్టి, వేళ్ళతో అద్దే రంగులు ఉన్నాయి. అవి ఖరీదైనవీ కావు.

పాలమూరు సంగతి వేరు. అక్కడ బీమారీ పేరు వలస. 'పాలమూరు లేబర్' అన్నమాట దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా వినపడేది. ఇప్పటికీ ముంబై, పుణె బస్సులెక్కేవాళ్ళున్నారు. మనవాళ్ళలో కొందరు గల్ఫ్‌కు. దాదీమా దగ్గరో నానీమా దగ్గరో మిగిలిన పిల్లలకు అబ్బా అంటే వాట్సాప్‌లో ఒక గొంతు. ఈద్‌కు కొత్త బట్టలొస్తాయి, అబ్బా రాడు. ఆ పిల్లాడు అబ్బాతో ఫోన్లో 'ఖైరియత్' తప్ప ఏమీ చెప్పడు, ఎందుకంటే పక్కనుంచి దాదీమా 'ఉనో పరేశాన్ హోతే, రోనా నక్కో' అని సైగ చేస్తుంటుంది. ఆమె తప్పేమీ లేదు, కొడుకు మీద మొహబ్బత్ ఆమెకుంటుంది. కానీ పిల్లాడి బాధ ఎటు పోవాలి?

జవాన్ పిల్లలది ఇంకో కథ. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక తెలంగాణలో కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు మార్కుల తప్పుల మీద మాట్లాడారు, మాట్లాడాల్సిందే. ఆ పిల్లలకు ఆ రాత్రి తమ లోపలిది బయట పెట్టుకునే జగా ఒక్కటీ ఎందుకు లేదన్నది ఎవరూ ఎక్కువసేపు మాట్లాడలేదు.

అసలు మసలా దగ్గరికి వస్తున్నాను. మన ఇళ్ళల్లో రంగుల డబ్బా దగ్గర ఒక ఝిజక్ ఉంది. తస్వీర్ హరామ్ కదా అని. ఒక మక్తబ్‌లో పిల్లాడి నోట్‌బుక్ చివరి పేజీల్లో మనిషి బొమ్మలున్నాయని హాఫిజ్ సాబ్ ఆ పేజీలు చించేయడం నేను చూశాను. నేను ఆలిమ్‌ను కాదు, ఫత్వా ఇచ్చే హఖ్ నాకు లేదు. ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉందని తెలుసు. జాన్‌దార్ తస్వీర్ ఏదైనా వద్దనేవాళ్ళున్నారు, పూజ కోసమో, అల్లాహ్ సృష్టితో పోటీ కోసమో చేసేవాటికే ఆ మనాహీ అనేవాళ్ళున్నారు. కానీ హదీసుల్లోనే ఉన్న నాలుగు సంగతులు మన ఇళ్ళల్లో తక్కువ వినపడతాయి.

బొమ్మలు గీసి బతికే ఒకతను హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరికి వచ్చాడు. తస్వీర్ గురించిన హెచ్చరిక విని అతని మొహం పాలిపోయింది. అప్పుడు ఆయన అతని రోజీ మీద కొట్టలేదు. చెట్లు, ప్రాణంలేని వస్తువులు గీసుకోమని దారి చూపారు. ఇది బుఖారీలో ఉంది. అంటే ఎంత సఖ్త్ ఇంట్లోనైనా తలుపు మూసుకుపోలేదు. కొండ, చెరువు, ఇల్లు, వాన, గాలికి వంగిన చెట్టు. నల్గొండ పిల్లలకు లతీఫ్ సాబ్ గుట్ట ఉంది, పాలమూరు పిల్లలకు ఊడలు దిగిన పిల్లలమర్రి ఉంది. ఖత్తాతీ ఉంది, మస్జిద్ జాలీల్లో కనిపించే నఖ్ష్-ఒ-నిగార్ ఉంది. మనిషి బొమ్మ వేయకుండానే పిల్లలు తమ గమ్ మొత్తం చెప్పగలరు. తలుపు లేని ఇల్లు వేసిన పిల్లకు మొహాలు గీయాల్సిన అవసరం ఏముంది?

చిన్న పిల్లల ఆటబొమ్మల సంగతి ఇంకా నర్మ్‌గా ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మల మధ్య గుడ్డముక్కలతో రెక్కలు చేసిన ఒక గుర్రం ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని హుజూర్ (స) అడిగితే, హజ్రత్ సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అన్నారామె. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వారు. ఇది అబూ దావూద్‌లో ఉంది. ఒక పిల్ల తన ఖయాల్‌తో చేసిన వస్తువును చూసి అడగడం, జవాబు వినడం, నవ్వడం. దిద్దలేదు, తీసి పారేయలేదు.

హుజూర్ (స) స్వయంగా నేల మీద గీసి చూపించిన సంగతి కూడా ఉంది. ఒక చతురస్రం గీశారు, మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చిన గీత ఒకటి, దాని పక్కల చిన్న చిన్న గీతలు. మధ్యలో ఉన్నది ఇన్సాన్, చుట్టూ ఉన్నది అజల్, బయటికి పోయింది అతని ఆశ, చిన్న గీతలు దారిలో తగిలే ఆపదలు అని వివరించారు. ఇబ్నె మస్ఊద్ (రజి) రివాయత్ ఇది. మౌత్ గురించి, ఉమ్మీద్ గురించి మాట్లాడటానికి ఒక బొమ్మ సాయం తీసుకోవడం సున్నత్‌కు దూరమైన పని అని ఎవరనగలరు?

అబూ ఉమైర్ కథ చాలామందికి తెలుసు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు, పెంచుకున్న పిట్ట చనిపోయి దిగులుగా కూర్చున్నాడు. హుజూర్ (స) అతన్ని పెద్దమనిషిని పిలిచినట్టు కునియత్‌తో పిలిచి, ఆ పిట్ట సంగతేమైందని అడిగారు. మనమైతే 'ఇంకో పిట్ట కొనిస్తాలే' అంటాం. ఆయన పోయిన పిట్ట గురించే అడిగారు. ఆర్ట్ థెరపిస్టులకు నేర్పే మొదటి సబఖ్ కూడా దాదాపు ఇదే. బొమ్మ చూసి 'ఇదేంటి, కుక్కనా?' అనకూడదు, 'దీని గురించి నాకు చెప్పు' అనాలి. చెప్పకపోతే ఊరుకోవాలి. 'వాహ్, ఎంత బాగా వేశావు' అని ఊదరగొట్టడం కూడా అంత మంచిది కాదు, మరుసటి రోజు నుంచి పిల్లాడు మన షాబాష్ కోసం వేస్తాడు.

ఆడపిల్లల విషయంలో మనకు తెలియకుండానే ఒక దారి ఇంట్లోనే ఉంది. చాంద్ రాత్ మెహందీ. కోన్ పట్టుకున్న పిల్ల, చెయ్యి చాపిన ఖాలా. రెండు గంటలు చేతులు పనిలో ఉంటాయి, కళ్ళు డిజైన్ మీద ఉంటాయి, ఎదురెదురు చూసుకునే ఇబ్బంది లేదు. అప్పుడు మాటలొస్తాయి. బడి మాన్పిస్తారేమోనన్న డర్, రిష్తా ఖరారు చేసేశారేమోనన్న డర్, బస్సులో ఎవడో చేసిన బద్తమీజీ, ఇవన్నీ ఆపా చెవిలో పడేది అలాంటప్పుడే. థెరపీ గదిలో చేసేది ఈ పనే, కొంచెం ఇల్మ్‌తో, కొంచెం పద్ధతితో. ఇంట్లో ఆ రెండు గంటలను వదినలూ పిన్నులూ చాడీల కోసం వాడుకుంటే మాత్రం పిల్ల ఇంకెప్పుడూ నోరు తెరవదు.

రాజదారీ సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. పిల్లాడి బొమ్మ అమానత్. 'మా బాబు ఎంత ఎమోషనలో చూడండి' అని స్టేటస్ పెట్టుకోవడానికి కాదు. గోడకు అంటించాలన్నా వాడిని అడిగే అంటించాలి.

ఇంకో గడబిడ ఇప్పుడే మొదలైంది, ముందుముందు పెరుగుతుంది. యూట్యూబ్ చూసి బొమ్మలకు తఅబీర్ చెప్పేవాళ్ళు తయారయ్యారు. నల్లరంగు వాడితే డిప్రెషన్, ఎర్రరంగు వాడితే గుస్సా, చేతులు లేని మనిషిని వేస్తే ఎవరో కొడుతున్నారు అని. ఇది ఫాల్ తీయడం తప్ప ఇల్మ్ కాదు. మూడు నాలుగేళ్ళ పిల్లలందరూ తలలోంచి కాళ్ళు వచ్చే మనుషుల్నే వేస్తారు, అది ఆ వయసు బొమ్మ. నల్లరంగు వాడింది డబ్బాలో అదొక్కటే మిగిలినందుకు కూడా కావచ్చు. ఒక్క బొమ్మ చూసి ఏ నిజాయితీ ఉన్న థెరపిస్టూ తీర్పు చెప్పడు. వారాల తరబడి చూస్తాడు, పిల్లాడి మాటతో కలిపి చూస్తాడు. మూడు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు కట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళేముందు ఏం చదివారు, ఎక్కడ చదివారు, ఎవరి నిగ్రానీలో పనిచేశారు అని మొహమాటం లేకుండా అడగండి. ఈ విధానం మీద జరిగిన రీసెర్చిలో చాలావరకు చిన్నచిన్న గుంపుల మీదే జరిగింది. ఆందోళన, భయాల విషయంలో ఫలితాలు ఆశ పుట్టించేలా ఉన్నాయి, గ్యారంటీ ఇచ్చేలా లేవు.

పిల్లలు తమను తాము గాయపరచుకుంటున్నా, చనిపోతానని అంటున్నా, తిండి నిద్ర మానేసినా రంగుల డబ్బా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోవాలి. జిల్లా ఆస్పత్రికి వెళ్ళడానికి షరమ్ అనిపిస్తే ముందు 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల మీద జుల్మ్ జరుగుతోందని అనుమానం ఉంటే 1098.

మరి మన జిల్లాల్లో ఈ పని ఎవరు చేయాలి? నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో రేపు ఆర్ట్ థెరపిస్టు క్లినిక్ తెరుస్తాడని నేను ఖ్వాబ్ చూడటం లేదు. ఉన్నవాటినే అడుగుతున్నాను. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం. అక్కడ పనిచేసే ఐఈఆర్‌పీ టీచర్లకు ఆటిజం పిల్లలతో, మాటలు రాని పిల్లలతో మట్టి, రంగులు వాడే పద్ధతులు నేర్పించవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మానసిక వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ ఉంది, బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరం. మన పిల్లలకు అలాంటి బిడ్డ ఉన్నాడని దాచిపెట్టే ఇళ్ళు ముందు అక్కడికి తీసుకెళ్ళాలి.

రాష్ట్రమంతా 204 మైనారిటీ గురుకులాలు పెట్టారు. పది పన్నెండేళ్ళకే ఇల్లు వదిలి హాస్టల్‌కు వచ్చే పిల్లలు వాటిలో చదువుతున్నారు. తాలీమ్ విషయంలో అవి మన ఖౌమ్‌కు ఎంత మేలు చేశాయో తెలుసు. గురుకులాలకు ఆర్ట్ టీచర్ల పోస్టులు కూడా ఇచ్చారు. నేను చూసినంతలో ఆ టీచర్ల టైమంతా ఆగస్టు 15 చార్టులకు, ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు గోడలకు పోతోంది. వారానికి ఒక్క గంట, మార్కులు లేవు, పోటీ లేదు, ప్రైజులు లేవు, వేసింది ఎవరికీ చూపించనక్కర్లేదు అని పెట్టమనండి. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి మూడు నెలలు తప్పనిసరిగా పెట్టమనండి, ఇల్లు గుర్తొచ్చి గోడ దూకి పారిపోయేది ఆ రోజుల్లోనే. ప్రతి గురుకులానికి కాకపోయినా నాలుగైదింటికి కలిపి ఒక కౌన్సెలర్ ఉంటే, ఆర్ట్ టీచర్ కంట పడిన పిల్లను ఆమె దగ్గరికి పంపవచ్చు. పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్ళినప్పుడు మనం అడిగేది మాత్స్ మార్కులు, భోజనంలో గుడ్డు ఇస్తున్నారా లేదా అన్నవి. ఈ గంట గురించి కూడా అడగండి.

మక్తబ్‌ల సంగతి మన చేతిలోనే ఉంది, సర్కార్ జీవో అక్కర్లేదు. అసర్ తర్వాత ఖాయిదా చదవడానికి వచ్చే పిల్లలకు జుమేరాత్ రోజు చివరి అరగంట తెల్లకాగితాలు ఇవ్వొచ్చు. చెట్లు వేయించండి, ఇళ్ళు వేయించండి, బిస్మిల్లా రాయించండి. ఖర్చు కమిటీ చాయ్ బిల్లుకన్నా తక్కువే. హాఫిజ్ సాబ్‌కు చేయాల్సిన గుజారిష్ ఒకటే, ఏ పిల్లాడైనా కాగితం బోర్లా పెట్టి దాచుకుంటే దాన్ని లాగి చూడొద్దని.